ప్రభుత్వ సంస్థ నుంచి వ్యాక్సిన్ టెక్నాలజీ: లైసెన్స్ ఎక్స్‌క్లూజివ్ కాకపోతే తీసుకోవచ్చా?

ప్రశ్న: జీనోమ్ వ్యాలీలో మాది చిన్న బయోటెక్ కంపెనీ. ప్రభుత్వ నిధులతో నడిచే ఒక పరిశోధన సంస్థ తన వ్యాక్సిన్ టెక్నాలజీని కంపెనీలకు ఇస్తామని ప్రకటిస్తే దరఖాస్తు చేశాం, ఎంపికయ్యాం. తీరా డ్రాఫ్ట్ అగ్రిమెంట్‌లో ‘నాన్ ఎక్స్‌క్లూజివ్’ అని ఉంది. అంటే రేపు ఇంకో నాలుగు కంపెనీలకూ ఇవ్వొచ్చు. ట్రయల్స్‌కి కోట్లు పోసేది మేము, ఫలితం అందరిదీనా అని మా పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదు. పైగా మేము చేసే మెరుగుదలలన్నీ సంస్థకే చెందుతాయనీ, మూడేళ్లలో ఉత్పత్తి మొదలుపెట్టకపోతే లైసెన్స్ రద్దనీ రాశారు. సంతకం పెట్టమంటారా? – ఒక పాఠకుడు, మేడ్చల్ జిల్లా

జవాబు: పెట్టవచ్చు, కానీ ఇప్పుడున్న డ్రాఫ్ట్ మీద కాదు. మీ పార్ట్‌నర్ గారి భయంలో న్యాయం ఉంది. అయితే ఆయన పట్టుబట్టాల్సింది ‘ఎక్స్‌క్లూజివ్’ అన్న మాట కోసం కాదు.

ప్రభుత్వ డబ్బుతో పుట్టిన ఆవిష్కరణను ప్రైవేటు కంపెనీకి ఎలా ఇవ్వాలో చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో ఉంది. అక్కడ ప్రభుత్వానికి చెందిన పేటెంట్‌ను ఒకే కంపెనీకి కట్టబెట్టాలంటే ముందు బహిరంగ ప్రకటన ఇచ్చి, కనీసం 15 రోజులు అభ్యంతరాలు స్వీకరించాలి. ఆ ప్రత్యేక హక్కు లేకపోతే పెట్టుబడి రాదని సంస్థకు నమ్మకం కుదరాలి. మన దగ్గర 2008లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే వెనక్కి వెళ్లిపోయింది. కాబట్టి మీకున్న ఆధారం 1970 పేటెంట్ల చట్టం, మీ చేతిలోని అగ్రిమెంట్, అంతే. అందుకే ప్రతి క్లాజూ నిదానంగా చదవాలి.

నాన్ ఎక్స్‌క్లూజివ్ అనగానే నష్టమని అనుకోకండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ తన రోటావైరస్ (పిల్లల్లో విరేచనాలు తెచ్చే వైరస్) టీకా స్ట్రెయిన్లను, అంటే మూల వైరస్ రకాలను, మన దేశంలోనే ఒకటికి మించి కంపెనీలకు, బ్రెజిల్, చైనా సంస్థలకూ ఇచ్చింది. సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల రోటాసిల్ టీకా వచ్చింది అందులోంచే. లైసెన్స్ పక్కవాడి దగ్గర కూడా ఉండటం వల్ల వాళ్ల పెట్టుబడి వృథా కాలేదు. ఎందుకంటే వ్యాక్సిన్ విషయంలో పేటెంట్ కాగితం కన్నా విలువైనవి రెండున్నాయి: సీడ్ స్ట్రెయిన్ (టీకా తయారీకి విత్తనం లాంటి మూల వైరస్), ట్రయల్ డేటా. మీరు పోరాడాల్సింది ఈ రెండింటి దగ్గర.

ముందు అగ్రిమెంట్ చివర ఉండే షెడ్యూల్ తీయండి. ‘టెక్నాలజీ వివరాలు: జతపరచిన ప్రకారం’ అని ఒక్క లైన్‌తో సరిపెట్టి ఉంటే అక్కడే ఆగండి. సీడ్ ఎన్ని వయల్స్ ఇస్తారు, ఏ పాసేజ్‌వి (ల్యాబ్‌లో ఎన్నోసారి పెంచినవి), ఏ సెల్ లైన్‌లో (ల్యాబ్‌లో పెంచే ఏ రకం కణాల్లో) పెంచారు, జంతువులపై చేసిన పరీక్షల ఒరిజినల్ రికార్డులు ఇస్తారా, వాళ్ల సైంటిస్టు మీ ప్లాంట్‌కు వచ్చి ఎన్ని రోజులు నేర్పిస్తారు.. అన్నీ అందులో రాయించాలి. ఆ సెల్ లైన్ ఎక్కడిదో కూడా అడగండి. విదేశీ కల్చర్ బ్యాంక్ నుంచి పరిశోధన కోసం మాత్రమే అని తెచ్చుకున్నదైతే, దాన్ని వ్యాపారానికి వాడే హక్కు సంస్థకే ఉండదు, మీకెలా ఇస్తుంది? ఇది సంతకమయ్యాక బయటపడితే టెన్షన్ అంతా మీదే.

ఇక డేటా. మీ ఖర్చుతో చేసిన ట్రయల్స్ డేటా మీదేననీ, మీ రాతపూర్వక అనుమతి లేకుండా సంస్థ దాన్ని వేరే లైసెన్సీకి (లైసెన్స్ తీసుకున్న కంపెనీకి) ఇవ్వకూడదనీ ఒక క్లాజ్ పెట్టించండి. ఈ క్లాజ్ ఉంటే మిగతా నాలుగు కంపెనీలూ సొంత ఖర్చుతో సొంత ట్రయల్స్ చేసుకోవాల్సిందే. మీ పార్ట్‌నర్ గారి ప్రశ్నకు అసలు జవాబు ఇదే. సంస్థ దీనికి ససేమిరా అంటే మాత్రం నేనైతే ఈ లైసెన్స్ వదులుకోమంటాను.

నాన్ ఎక్స్‌క్లూజివ్‌లో నిజమైన లోటు ఒకటుంది. పేటెంట్ల చట్టం సెక్షన్ 109 ప్రకారం ఎవరైనా పేటెంట్‌ను ఉల్లంఘిస్తే సొంతంగా దావా వేసే హక్కు ఎక్స్‌క్లూజివ్ లైసెన్సీకే ఉంటుంది, మీకు ఉండదు. మీరు నోటీసు ఇచ్చిన ఇన్ని రోజుల్లోగా సంస్థే దావా వేయాలని రాయించుకోండి. తర్వాత వచ్చేవాళ్లకు మీకన్నా తక్కువ రాయల్టీకి ఇవ్వకూడదన్న షరతు కూడా అడగండి. రాయల్టీ బేరానికి ఒక ఆధారం చెబుతాను. కోవాగ్జిన్ నికర అమ్మకాలపై ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు 5 శాతం రాయల్టీ అని ఒప్పందం. కానీ అక్కడ ఐసీఎంఆర్ వైరస్ ఇవ్వడంతో ఆగలేదు, మూడో దశ ట్రయల్ ఖర్చు కూడా భరించింది. మీ ట్రయల్స్‌కి సంస్థ రూపాయి పెట్టనప్పుడు అంతకన్నా తక్కువ అడగడం న్యాయమే.

మెరుగుదలలన్నీ సంస్థకే అన్న క్లాజ్ చెల్లదు. లైసెన్సీ చేసిన మెరుగుదలలను తిరిగి తమకే ప్రత్యేకంగా ఇచ్చేయాలన్న షరతును సెక్షన్ 140 నిషేధించింది. గొడవ పడకుండా, పరిశోధన వరకు వాడుకునే హక్కు సంస్థకు ఇస్తామని మార్చమనండి. సాధారణంగా ఒప్పుకుంటారు.

మూడేళ్ల గడువు అసాధ్యం. కోవిడ్ కాలపు వేగాన్ని చూసి రాసినట్టుంది. రోటావైరస్‌కే మన దేశంలో తయారైన మరో టీకా రోటావాక్ చూడండి. దాని మూలమైన 116ఇ స్ట్రెయిన్ 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల నుంచి దొరికింది. టీకా విడుదలైంది 2015లో. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు మరో మూడు రాష్ట్రాల్లో పిల్లలకు వేయడం మొదలైంది. అందుకే ఒకే గడువు బదులు మెట్లుగా అడగండి: జీఎంపీ (నాణ్యమైన తయారీ ప్రమాణాల) బ్యాచ్‌కి ఇంత కాలం, మొదటి దశ ట్రయల్ దరఖాస్తుకి ఇంత కాలం, డ్రగ్ కంట్రోలర్ దగ్గర ఫైలు ఆగితే ఆ రోజులు మినహాయింపు.

అయితే రద్దు క్లాజే వద్దని మాత్రం అనకండి. అది ఉండాలి. జనం పన్నులతో తయారైన టీకా ఫార్ములాను ఏ కంపెనీ అయినా బీరువాలో పెట్టుకుని కూర్చుంటే, నష్టపోయేది టీకా అందని పిల్లలు. ఆ క్లాజ్ తీసేయించినా చట్టం ఊరుకోదు. పేటెంట్ మంజూరైన మూడేళ్ల తర్వాత, వస్తువు జనానికి చాలినంత దొరక్కపోయినా, ధర అందుబాటులో లేకపోయినా సెక్షన్ 84 కింద ఎవరైనా కంపల్సరీ లైసెన్స్ (యజమాని ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇప్పించే లైసెన్స్) అడగవచ్చు. 2012లో మన హైదరాబాద్ నాట్కో అలాగే తెచ్చుకుంది. బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్మిన క్యాన్సర్ మందును నాట్కో 8,880కి ఇచ్చింది. సెక్షన్ 100 కింద పేటెంట్‌ను ప్రభుత్వం తానే వాడుకోవచ్చు కూడా. మీ ధర లెక్కల్లో ఇది గుర్తుంచుకోండి.

సంతకానికి ముందు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఆ దరఖాస్తు నంబర్ వెతికి, యజమానుల పేర్లన్నీ చూడండి. ఇద్దరు సహ యజమానులుంటే ఒకరి సంతకం చాలదు. సెక్షన్ 50 ప్రకారం రెండో వారి సమ్మతి ఉండాలి. ఇది చిన్న విషయం కాదు. కోవాగ్జిన్ పేటెంట్ దరఖాస్తులోనే ఐసీఎంఆర్ పేరు లేదని 2024లో వివాదం వచ్చి, తర్వాత చేర్చాల్సి వచ్చింది. పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే కాబట్టి, అందులో ఎన్నేళ్లు మిగిలాయో లెక్కేసుకోండి. దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉంటే, తిరస్కరిస్తే రాయల్టీ ఎంత తగ్గుతుందో రాయించండి. ఫీజు, రాయల్టీలపై జీఎస్టీ కలిపా, అదనమా అన్నది కూడా తేల్చుకోండి.

ఒప్పందం కుదిరాక దాన్ని పేటెంట్ ఆఫీసులో ఫారం 16తో రిజిస్టర్ చేయించండి. అలా చేయించని పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోకపోవచ్చు. పేటెంట్ మంజూరయ్యాక ఫారం 27 (పేటెంట్‌ను ఎంతవరకు వాడుతున్నారో చెప్పే పత్రం) లైసెన్సీగా మీరూ వేయాలి, సంస్థ వేసింది కదా అని వదిలేయకండి. 2024 నిబంధనల సవరణ తర్వాత అది మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి వేస్తే చాలు.