చెక్క ఫ్లోరింగ్ కోసం ఎఫ్‌డీ తీసేయమంటారా?

ప్రశ్న: మియాపూర్‌లో మాది డబుల్ బెడ్‌రూమ్ సొంత ఫ్లాట్. హాలు, రెండు పడక గదులు కలిపి 600 చదరపు అడుగులకు చెక్క ఫ్లోరింగ్ వేయించాలనుకుంటున్నాం. ఇంజనీర్డ్ వుడ్ (పైన అసలు చెక్క పొర, కింద ప్లైవుడ్ లాంటి పొరలు ఉండే పలక) అడుగుకు రూ.420 చొప్పున రూ.2.52 లక్షలన్నారు. మా పొదుపంతా రూ.3 లక్షల ఎఫ్‌డీనే. నెలకు రూ.12 వేలు మిగులుతుంది. ఎఫ్‌డీ తీయాలా, షాపువాళ్లు చెప్తున్న వడ్డీ లేని ఈఎంఐ తీసుకోవాలా?

జవాబు: నన్నడిగితే రెండూ వద్దమ్మా. అసలు ఆ రూ.2.52 లక్షల లెక్కే సరిగా లేదు. రూ.420 అన్నది పలక ధర మాత్రమే. కోతల్లో 5 నుంచి 10 శాతం వృథా పోతుంది. 7 శాతం అనుకున్నా 642 అడుగులు కొనాలి. 18 శాతం జీఎస్టీతో అది రూ.3.18 లక్షలు దాటుతుంది. అంటే ఎఫ్‌డీ మొత్తం ఊడ్చిపెట్టినా చాలదు. స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), కింద పరిచే ఫోమ్, గుమ్మాల దగ్గర పట్టీలు ఇంకా మిగిలే ఉన్నాయి. నేల ఎత్తు పెరగడంతో తలుపులు ఆనుకుంటాయి కాబట్టి వాటి అడుగు కోయించాలి. ఆ కూలీ కొటేషన్‌లో రాసేవాళ్లు తక్కువ. అందుకే ఎక్కడ అడిగినా 'అన్నీ కలిపి, బిగించి ఇచ్చే ధర' రాయించుకోండి.

రేపు ఇంట్లో ఎవరికైనా ఆస్పత్రి అవసరం వస్తే ఆదుకునేది ఆ ఎఫ్‌డీ ఒక్కటే. దాన్ని కదపకండి. ఇక 'వడ్డీ లేని' ఈఎంఐ. క్రెడిట్ కార్డు మీదైతే బ్యాంకు వడ్డీ లెక్కేస్తుంది, దానికి సరిపడా షాపు తగ్గింపు చూపిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ నెత్తినే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉండొచ్చు. "మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?" అని అడిగి చూడండి. తగ్గించి చెప్పారంటే ఆ తేడాయే వడ్డీ.

నా సలహా, హాలు వదిలేయండి. మన ఇళ్లలో పండగొస్తే బకెట్లతో నీళ్లు పోసి కడుగుతాం. బాల్కనీ తలుపు తెరిచి ఉంటే వాన జల్లు లోపలికి కొడుతుంది. చెక్కకు అది పడదు. పడక గదులు రెండూ కలిపి 280 అడుగులు ఉంటాయనుకుందాం, వృథాతో 300. వాటికి 8 ఎంఎం లామినేట్ చాలు. అరుగుదలకు ఇచ్చే గ్రేడు ఏసీ3 ఉంటే పడక గదికి సరిపోతుంది. షాపులో 12 ఎంఎం, ఏసీ5 అంటూ పైకి ఎక్కించబోతారు, మొహమాటపడకండి. లామినేట్ లోపల ఉండేది ఒత్తిన చెక్క పీచు. అతుకుల్లోంచి నీరు దిగితే ఉబ్బుతుంది, మళ్లీ మామూలు కాదు. ఇంట్లో రోజూ తడిగుడ్డ పెట్టి తుడవాల్సిందే అనేవాళ్లుంటే ఎస్‌పీసీ పలకలు చూడండి. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేస్తారు. పైన కనిపించే చెక్క డిజైన్ బొమ్మే కానీ నీటికి ఉబ్బదు, చెదలు తినవు.

ఏది తీసుకున్నా అడుగుకు రూ.140లోపు చూసుకోండి. 300 అడుగులకు రూ.42,000, జీఎస్టీతో రూ.49,560. పైఖర్చులతో రూ.60 వేలు అనుకోండి. ఉన్న టైల్స్ గట్టిగా, సమంగా ఉంటే పగలగొట్టనక్కర్లేదు, వాటి మీదే క్లిక్ పలకలు (జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి బిగిసేవి) పరిచేయొచ్చు. ఆ కూలీ మిగులుతుంది. నెలకు రూ.12 వేల చొప్పున ఐదు నెలలు ఆర్‌డీ కట్టండి, అప్పు మాటే ఉండదు. కొంచెం ఆగి వానలు తగ్గాక వేయించడం ఇంకా మంచిది. ఫ్లాట్ అమ్మేటప్పుడు ఈ డబ్బు తిరిగొస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. కొనేవాళ్లు ఏరియా, మెట్రో దూరం, కార్ పార్కింగ్ చూస్తారు కానీ నేల చూసి ధర పెంచరు.

బిల్లు, వారంటీ కార్డుతో పాటు ఒక పెట్టె పలకలు అదనంగా తీసి అటక మీద పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఒక పలక పాడైతే అదే డిజైన్ దొరక్కపోవచ్చు.