చరిత్రలో నిజంగా ఉన్న గ్యాంగ్‌స్టర్ల మీద వచ్చిన నవలల్లో మీకు బాగా నచ్చింది ఏది? ఎందుకు?

నా ఓటు 'బిల్లీ బాత్‌గేట్'కే. ఇ.ఎల్. డాక్టరో రాసిన అమెరికన్ నవల, 1989లో వచ్చింది. డచ్ షుల్ట్జ్ అనే అసలు గ్యాంగ్‌స్టర్ ఆఖరి రోజుల కథ. చెప్పేది మాత్రం బిల్లీ అనే పదిహేనేళ్ల కుర్రాడు, కల్పిత పాత్ర. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ముఠా బీరు గోడౌన్ దగ్గర బంతులు ఎగరేసి పట్టుకుంటూ షుల్ట్జ్ కంట్లో పడతాడు. ఆయన పది డాలర్ల నోటు చేతిలో పెడతాడు. ఇక వాడికి ఇల్లు, వీధి ఆనవు.

గ్యాంగ్‌స్టర్ నవల అనగానే తుపాకులు, టోపీలు, పొడుగాటి కార్లు వరుసగా దింపేస్తారు చాలామంది. డాక్టరో మొదటి అధ్యాయంలో తుపాకీ పేలదు. రాత్రిపూట చిన్న పడవ. షుల్ట్జ్ కుడిభుజంలా ఉన్న బో వైన్‌బర్గ్‌ను ద్రోహం చేశాడని పట్టుకొచ్చారు. ఒకడు అతని బూట్లు, సాక్సులు విప్పి, ప్యాంటు అంచులు నీటుగా పైకి మడిచి, కాళ్లు సిమెంటు కలిపిన టబ్బులో పెట్టిస్తాడు. చచ్చేవాడి ప్యాంటు మాసిపోకూడదన్నంత శ్రద్ధ! బయట అల లేస్తే టబ్బులో తడి సిమెంటు కూడా ఒక పక్కకి ఒరుగుతుంది. కాసేపటికి ఒరగడం మానేస్తుంది. అంతే, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. నేనైతే అక్కడ పుస్తకం మూసి లేచి మంచినీళ్లు తాగొచ్చాను. అసలు వైన్‌బర్గ్ 1935లో మాయమయ్యాడు, శవం దొరకలేదు. చరిత్ర వదిలేసిన ఆ ఖాళీలోనే రచయిత తన పడవను దింపాడన్నమాట.

నాకు మరీ నచ్చింది ఒట్టో బెర్మన్. ముఠా లెక్కల మనిషి, 'అబ్బడబ్బా' అని ముద్దుపేరు, ఇతనూ నిజంగా ఉన్నవాడే. నాది ప్రొద్దుటూరు కాబట్టి ఆ భాగం ఇంకాస్త బాగా ఎక్కిందేమో. మా వీధి టీకొట్టు దగ్గర మట్కా బీటరు చీటీలు రాస్తూ రూపాయికి ఎనభై అని ఊరించేవాడు. రెండంకెల నంబర్లు వంద ఉంటే ఇచ్చేది ఎనభై, మిగతాది పైవాడికి. న్యూయార్క్‌లోనే ఉన్న హార్లెమ్‌లో షుల్ట్జ్ నడిపిన నంబర్ల ఆటా ఇదే బాపతు. మూడంకెల నంబర్లు వెయ్యి, గెలిస్తే ఇచ్చేది ఆరువందల రెట్లు. (ముంబైలో మట్కా మొదలైంది కూడా న్యూయార్క్ నుంచి వచ్చే పత్తి ధరల అంకెల మీదే.) హార్లెమ్‌లో గెలిచే నంబరును గుర్రప్పందేల్లో పోగైన డబ్బు అంకెల్లోంచి తీసేవాళ్లు కాబట్టి అందులో మోసం ఉండదని జనం నమ్మకం. బెర్మన్ చేసిందేమిటంటే, ఏ నంబరు మీద ఎక్కువమంది కాశారో తెలుసుకుని, ఆఖరి నిమిషంలో రేస్‌కోర్సులో తనూ లెక్కగట్టి పందెం కాసి, ఆ నంబరు రాకుండా చివరి అంకెను మార్చేయడం. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక దొంగబీరు వ్యాపారం పోయింది కదా, ముఠా బతుకుతెరువు ఈ లెక్కలే. షుల్ట్జ్‌కి కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు, బండి నడిపేది బెర్మన్ అని బిల్లీ మెల్లగా కనిపెడతాడు. వాడితో పాటు మనమూ కనిపెడతాం.

ముగింపు తెలిసిన కథలో టెన్షన్ ఏముంటుంది అని అడగొచ్చు. 1935 అక్టోబర్ 23 రాత్రి న్యూజెర్సీ రాష్ట్రం న్యూఆర్క్‌లోని ప్యాలెస్ చాప్ హౌస్ అనే హోటల్లో షుల్ట్జ్‌ని, బెర్మన్‌ని, ఇంకో ఇద్దరిని కాల్చేశారు. ప్రాసిక్యూటర్ థామస్ డ్యూయీని చంపుతానని షుల్ట్జ్ పట్టుబట్టాడు. అది జరిగితే పోలీసులు అందరి మీదా పడతారని మిగతా ముఠాల నాయకులే అతన్ని తీసేయించారు. ఇదంతా చదివే ముందే నాకు తెలుసు. కానీ బిల్లీ గురించి ఏ రికార్డులోనూ లేదు! ఆ రాత్రి వాడు ఎక్కడుంటాడు, బతుకుతాడా లేదా అన్న దిగులు చివరిదాకా వదల్లేదు. షుల్ట్జ్ మర్నాడు ఆస్పత్రిలో పోయాడు. ఈలోపు జ్వరంలో అతను పేలిన మాటల్ని పోలీస్ స్టెనోగ్రాఫర్ రాసిపెట్టాడు, అదీ చరిత్రే. పొంతనలేని ఆ పలవరింతకు డాక్టరో తన కథలో ఒక పని పెట్టాడు. అదేమిటో చెప్పను, చదవబోయేవాళ్ల నోటికాడ కూడు లాగినట్టవుతుంది.

వంకలు లేవా అంటే ఉన్నాయి. డ్రూ ప్రెస్టన్ అనే డబ్బున్న ఇంటి అమ్మాయి కోసం కుర్రాడు కరిగిపోయే చోట్ల కథ నీరుగారింది. ఆఖరి పేజీల్లో ఒక మలుపు మరీ సినిమాటిక్‌గా ఉంది. వాక్యాలు కూడా పొడుగు, ఒక్కోటి సగం పేజీ నడుస్తుంది. ఇంగ్లీషులో కష్టమనిపిస్తే మొదటి అధ్యాయం పైకి చదవండి. ఊపిరాడకుండా చెప్పుకుపోయే కుర్రాడి గొంతు పట్టుబడిందంటే తర్వాత ఆ పొడుగు అడ్డం రాదు.