52లోంచి 38 తీస్తే 26

మహబూబ్‌నగర్

బిడ్డా,

"మామా, బడిలో జరిగేవన్నీ రాయాలని ఉంది, నాలుగు బళ్ల టీచర్లకు పనికిరావాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తలేదు" అని నువ్వు ఫోన్‌లో అన్నప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. దేవరకొండ దిక్కు తండా బడి, ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు, ఏడాది నిండని ఉద్యోగం. ఇప్పుడే మొదలుపెట్టు. నాకు ఈ బుద్ధి పుట్టేసరికి పదకొండేళ్ల సర్వీసు అయిపోయింది.

ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కో. లెసన్ ప్లాన్ రికార్డులో మాత్రం రాయకు. అది పైవాళ్లు చూసి సంతకం పెట్టేది. అక్కడ పెన్ను పెడితే చెయ్యి దానంతటదే "విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధి" అని రాసేస్తుంది. అట్లాంటివి నావి నాలుగు రికార్డులు ఇంట్లో అటక మీద ఉన్నాయి. మొన్న దించి తిరగేస్తే ఒక్క పిల్లవాడి ముఖమూ గుర్తుకు రాలేదు.

కల్వకుర్తి దగ్గర పనిచేసేటప్పుడు ఒకసారి తీసివేతలు చెప్పాను. 52లోంచి 38 తీయమంటే సగం మంది 26 వేశారు. ఆ సాయంత్రం "పిల్లలకు అప్పు తెచ్చుకోవడం రాలేదు" అని రాసి నోట్‌బుక్ మూసేశాను. ఆ వాక్యం ఎందుకూ కొరగాదు. మర్నాడు ఒకణ్ని పక్కన కూర్చోబెట్టుకుని "ఎట్ల చేసినవ్‌రా?" అని అడిగాను. వాడు 8 మీద వేలు పెట్టి, "రెండుల ఎనిమిది పోదు గద సార్, ఎనిమిదిలకెల్లి రెండు తీసిన. పెద్దదాంట్లకెల్లి చిన్నదే తీయాలని మీరే చెప్పిన్రు" అన్నాడు.

నిజమే, చెప్పింది నేనే. ఒక అంకె తీసివేతలప్పుడు అన్న మాట. వాడు దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ మాటను వాడన్నట్టే రాసుకున్నాక గాని తప్పు ఎవరిదో నాకు తెలిసిరాలేదు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ వాడి చేతిలో పెట్టి 38 ఇవ్వమన్నాను. మూడు కట్టలిచ్చాడు. రెండు పుల్లలిచ్చాడు. కాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత తనే ఒక కట్ట దారం విప్పాడు.

నువ్వు రాయాల్సింది ఇదే. పిల్ల ఏమన్నది, పలక మీద ఏం వేసింది, చెయ్యి ఎక్కడ ఆగింది. నీ అభిప్రాయం ఆ తర్వాత, ఉంటే ఒక లైను. రోజూ రాయాలని టెన్షన్ పెట్టుకోకు, వారానికి రెండు పేజీలు చాలు. కాకపోతే ఏ రోజుది ఆ రోజే రాయి. ఇంటికి పోయి వంట చేసుకున్నాక రాద్దామంటే పిల్ల మాట పోయి నీ మాట మిగులుతుంది.

తండా బడి కాబట్టి ఇంకొకటి గమనించు. తల్లి బొమ్మ చూపించి ఇదేంటంటే, ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల "యాడి" అంటుంది. ఆ పిల్లకు 'అమ్మ' చదవడం రాలేదంటే అక్షరం రాలేదా, తెలుగు మాటే కొత్తదా? పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పడానికి 2022లో సర్కారు తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం పట్టికల్లో వచ్చు, రాదు అని గుర్తు పెట్టేటప్పుడు ఈ తేడా జారిపోతుంది. నారాయణపేట దిక్కు పనిచేసినప్పుడు ఇళ్లల్లో కన్నడం మాట్లాడే పిల్లలతో నాదీ ఇదే కథ. అప్పుడు రాసుకోలేదు, ఇప్పుడు నీకు చెబుదామంటే ఒక్క మాటా గుర్తులేదు. పత్తి ఏరే రోజుల్లో ఎవరు ఎన్నాళ్లు రాలేదో, వచ్చాక ఎక్కడ తడబడ్డారో కూడా రాసి పెట్టు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక పిల్లవాడి గురించి పేరుతో సహా, వాళ్ల నాయన తాగుడు సంగతితో సహా రాసి, చుట్టుపక్కల బళ్ల టీచర్లందరూ కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో చదివాను. అందరూ మెచ్చుకున్నారు. పది రోజుల్లో ఆ మాట ఊరికి చేరింది. పిల్లవాడు బడికి రావడం మానేశాడు. నేను రెండుసార్లు ఇంటికి పోయినా వాళ్లమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. అందుకని పేరు మార్చడం ఒక్కటే సరిపోదు, చిన్న ఊళ్లో ఎవరి ఇల్లో ఇట్టే తెలిసిపోతుంది. ఇంటి సంగతులే వదిలేయి. ఫొటో తీస్తే పలకది తీయి, ముఖంది వద్దు.

ఇంకోటి, మన ఉద్యోగానికి 1964 నాటి ప్రవర్తన నియమాలున్నాయి. ప్రభుత్వ విధానాల మీద విమర్శలు రాస్తే చిక్కే. పాఠం గురించి ఎంతైనా రాసుకో.

మూడు నెలలయ్యాక నోట్‌బుక్ మొదటి నుంచి చదువు. ఏ సంగతి పదేపదే కనబడుతుందో దాన్ని పట్టుకుని రెండు పేజీలు రాసి నలుగురికీ ఇవ్వు. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని కాదు, పక్క తండాలో నీలాగే చిన్న తరగతులకు చెప్పడానికి తంటాలు పడుతున్న టీచరును మనసులో పెట్టుకుని రాయి. "విద్య అనగా" అని ఎత్తుకోకు, సరాసరి 26 దగ్గర మొదలుపెట్టు. పారని ఉపాయాన్ని దాచకు, చదివేవాళ్లు నిన్ను నమ్మేది అక్కడే.

దసరా సెలవులకు వస్తావు గదా, నోట్‌బుక్ తెచ్చుకో. అక్షరాలు బాగా లేవని ఫెయిర్ చేసి మాత్రం తేకు.

మీ మామ