నవలలను గేమ్‌గా ‘తీశారు’ అనవచ్చా?

సందేహం: మా కాలేజీ పత్రికకు ‘ది విచర్’ గేమ్ మీద వ్యాసం రాశాను. మొదటి వాక్యాలు ఇవి: “పోలండ్ రచయిత ఆంద్జేయ్ సప్‌కోవ్‌స్కీ నవలలను వీడియో గేమ్‌గా తీశారు. మూడో గేమ్ 5 కోట్ల కాపీలు అమ్ముడుపోయింది.” మా తెలుగు మేడం ‘తీశారు’ కింద గీత గీశారు. దాని బదులు ఏం రాయాలండీ?
– ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

సమాధానం: మీ మేడం గీసిన గీత సరైన చోటే ఉంది. ఫొటో తీస్తాం, సినిమా తీస్తాం. కెమెరా పని ఉన్నచోట ‘తీయు’ అలవాటైపోయింది. గేమ్‌కు ‘చేశారు’ చాలు, పత్రిక కాబట్టి ‘రూపొందించారు’ అన్నా బాగుంటుంది. ఈ నవలల మీద 2019లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ కూడా వచ్చింది. ‘తీశారు’ అని చదవగానే పాఠకుడి మనసు దాని మీదికి పోతుంది.

అయితే నన్ను ఎక్కువగా ఆపింది క్రియ కాదు, దాని ముందున్న ‘నవలలను గేమ్‌గా’ అన్న మాట. తెలుగులో ‘ను’, ‘గా’ ఇలా జతగా వస్తే మొదటిదే రెండోదిగా మారిందని అర్థం. ‘బియ్యాన్ని పిండిగా ఆడించారు’ అంటే బస్తాలోని ఆ బియ్యమే పిండి అయింది. మీ వాక్యం ప్రకారం నవలల్లోని కథే గేమ్‌లో ఉండాలి. కానీ లేదు. సప్‌కోవ్‌స్కీ మొదటి విచర్ కథ 1986లో ఒక పోలిష్ పత్రికలో వచ్చింది. తరువాత నవలలుగా సాగిన ప్రధాన కథ 1999లో ముగిసింది. పోలండ్ గేమ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్లు 2007లో తెచ్చిన మొదటి గేమ్ ఆ ముగింపు తరువాత మొదలవుతుంది. కథానాయకుడు గెరాల్ట్ గతమంతా మరచిపోయి కనిపిస్తాడు. 2011లో, 2015లో వచ్చిన గేమ్‌లు అక్కడినుంచి ముందుకు నడిచాయి. లోకం నవలలది, మనుషులు నవలల వాళ్లు, కథ మాత్రం కొత్తది.

మీ జిల్లాల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది కదా, అక్కడి మాట వినండి. “పగలు భారతం చెప్తారు, రాత్రికి ఆడతారు” అంటారు. హరికథ అయినా, వీధినాటకం అయినా భారతం భారతమే. చెప్పడం, ఆడడం మాత్రమే వేరు. ‘భారతాన్ని నాటకంగా మార్చినారు’ అని ఎవరూ అనరు, అనాల్సిన పనీ లేదు. దుర్యోధనుడి వేషగాడు ఎంత గొప్పగా ఆడినా చివరిరోజు ఆ పెద్ద మట్టిబొమ్మ తొడ మీద భీముడి గద పడాల్సిందే. గేమ్‌కూ మనం ‘ఆడు’ అనే వాడుతున్నాం. నాకు ఇది చాలా ఇష్టమైన వాడుక. కానీ ఆ ఆటకూ ఈ ఆటకూ ఉన్న తేడా మీ వాక్యంలో కనిపించాలి. 2015 గేమ్‌లో గెరాల్ట్ కూతురిలా చూసుకున్న సిరి చివరికి ఏమవుతుందన్నది ఆడేవాళ్లు దారిలో తీసుకున్న నిర్ణయాలను బట్టి మారుతుంది. ముగింపు ఆడేవాళ్ల చేతిలో ఉన్నదాన్ని ‘నవలలను గేమ్‌గా’ అని ఎలా అంటాం?

‘నవలల ఆధారంగా’ అంటే కొంత నయం. అయినా అది కథ తీసుకున్నారనే స్ఫురింపజేస్తుంది. పక్కన ‘కొనసాగింపు’ చేర్చండి. ‘ఉత్తరకథ’ అన్నా నాకు సమ్మతమే. ఉత్తరకాండ పట్టాభిషేకం తరువాతి కథ అని మన పాఠకులకు తెలుసు కాబట్టి ఆ మాటకు వివరణ అక్కర్లేదు. ‘అనువాదం’, ‘అనుసరణ’ మాత్రం ఇక్కడ వద్దు.

ఇక రెండో వాక్యం. అమ్ముడుపోయినవి కాపీలు, కాబట్టి క్రియ కూడా బహువచనంలో ఉండాలి. ఆ 5 కోట్ల లెక్క 2023లో కంపెనీ ప్రకటించింది, సంవత్సరం కూడా ఇవ్వండి. సినిమా అయితే ‘బాగా ఆడింది’ అనేవాళ్లం. గేమ్ విషయంలో అలా అంటే ఎవరు ఆడారని అడుగుతారు.

నేనైతే ఇలా రాస్తాను: “పోలండ్ రచయిత ఆంద్జేయ్ సప్‌కోవ్‌స్కీ నవలల ఆధారంగా, వాటి కథకు కొనసాగింపుగా ‘ది విచర్’ గేమ్‌లను రూపొందించారు. మూడో గేమ్ కాపీలు 2023 నాటికి 5 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.”