సర్కారు ఖర్చు, ఆడవాళ్ల సమ్మతి

ప్రశ్న: మేము ఇరవై ఏళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది కదిరి దగ్గర పల్లె, ఇద్దరు పిల్లలు. భర్త మేస్త్రీల వెంట ఊళ్లు తిరిగే సెంట్రింగ్ పనివాడు. వేసవిలో నెల తప్పితే, మూడో బిడ్డను సాకలేనని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లింది. భర్త సంతకం తెమ్మని తిప్పి పంపారు. రెండోసారి నేను తోడు వెళ్లాను. కాపర్-టి వేయించుకోవడానికి ఒప్పుకుంటేనే అబార్షన్ చేస్తామన్నారు. ఆంధ్రా రేషన్ కార్డు ఇక్కడ చెల్లదని స్కానింగ్‌కు బయటికి పంపితే, చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఆ డబ్బు కట్టింది. ఇప్పుడు కాపర్-టి పడక నెలలో సగం రోజులు రక్తస్రావమవుతుంటే, ఏడాది దాటాకే తీస్తామంటున్నారు. ఈ సంగతి చెబితే డల్లాస్‌లో ఉన్న మా మరిది, “పాపమని నమ్మేవాళ్లు కట్టే పన్నులతో ఇవన్నీ చేయించడమే తప్పు, అమెరికాలో అందుకే ఆపారు” అన్నాడు. ఉచితంగా చేస్తున్నప్పుడు ఇలా షరతులు పెట్టే హక్కు ప్రభుత్వానికి ఉంటుందా?
ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఉండదు. మీ లేఖ చదివి చాలా బాధపడ్డాను, ఎందుకంటే ఆ అమ్మాయిని అడిగిన వాటిలో ఒక్కటి కూడా చట్టంలో లేదు. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండి, మానసికంగా ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి అబార్షన్ చేయడానికి ఆమె ఒక్కతె సమ్మతి చాలు. భర్త సంతకం కోసం అందులో ఏ గడీ లేదు. ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం, ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం సరిపోతుందని 2021 సవరణ చెబుతోంది. కుటుంబ సభ్యుల అనుమతి తెమ్మనీ, లేనిపోని కాగితాలు పట్టుకురమ్మనీ డాక్టర్లు చట్టంలో లేని షరతులు పెట్టడాన్ని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో స్పష్టంగా తప్పుబట్టింది. అవివాహితలకు కూడా ఇరవై నాలుగు వారాల వరకు ఈ హక్కు వర్తిస్తుందని చెప్పిన తీర్పు అదే.

ఇక మీ మరిది గారి మాట. ఆయన అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, అది మనస్సాక్షికి సంబంధించినది. అయితే అమెరికాలో ఆ వాదన ఎవరి మీద పడిందో కూడా చూడాలి. ఇల్లినాయ్ ప్రతినిధి హెన్రీ హైడ్ 1976లో ప్రతిపాదించిన సవరణ, పేదల వైద్యానికి ప్రభుత్వం నడిపే మెడికెయిడ్ పథకంలోని కేంద్ర నిధులను అబార్షన్‌కు వాడకుండా నిషేధించింది. తల్లి ప్రాణానికి ముప్పు, అత్యాచారం, రక్తసంబంధీకుల వల్ల గర్భం వంటి సందర్భాలను మాత్రమే ఇప్పుడు మినహాయిస్తున్నారు. అప్పటికి అక్కడ అబార్షన్ చట్టబద్ధమే కాబట్టి డబ్బున్నవారికి ఏ అడ్డూ రాలేదు. ఆ నిషేధం అమల్లోకి వచ్చిన కొద్ది నెలలకే, 1977 అక్టోబరులో, టెక్సస్‌లోని మెకాలెన్ పట్టణంలో రోజీ జిమెనెజ్ అనే ఇరవై ఏడేళ్ల విద్యార్థిని, ఒక చిన్నపిల్ల తల్లి, లైసెన్సు లేని చోట తక్కువ ఖర్చుతో అబార్షన్ చేయించుకుని ఇన్ఫెక్షన్‌తో చనిపోయింది.

ఆ నిషేధాన్ని 1980లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఔనని, నలుగురు కాదని సమర్థించింది. స్త్రీ హక్కుకు ప్రభుత్వం అడ్డుపడకూడదు కానీ, ప్రభుత్వం కల్పించని అడ్డంకిని తొలగించవలసిన బాధ్యత దానికి లేదని, పేదరికం అలాంటి అడ్డంకేనని ఆ తీర్పు తాత్పర్యం. ఈ తర్కాన్ని నేను ఎన్నడూ అంగీకరించలేకపోయాను. మన సుప్రీంకోర్టు వేరే దారి పట్టింది. రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక కూలీని కలకత్తాలో ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోని కేసులో, ప్రాణరక్షణకు అవసరమైన వైద్యం అందించే బాధ్యత నుంచి డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం తప్పుకోరాదని 1996లో తేల్చింది. అది అత్యవసర వైద్యం గురించి చెప్పిన మాటే అయినా, పేదరికం మీ సమస్య, మాది కాదు అనే వీలు మన రాజ్యాంగం కింద ప్రభుత్వానికి అంత సులువుగా దొరకదని దాన్నిబట్టి తెలుస్తుంది.

నిధుల పేరుతో నోరు నొక్కడం కూడా ఉంది. తమ సహాయం తీసుకునే విదేశీ సంస్థలు సొంత డబ్బుతోనైనా అబార్షన్ గురించి సలహా ఇవ్వకూడదని 1984లో అమెరికాలో రీగన్ ప్రభుత్వం పెట్టిన షరతును డెమొక్రాట్ అధ్యక్షులు ఎత్తేయడం, రిపబ్లికన్లు తిరిగి పెట్టడం ఆనవాయితీ అయింది. 2025 జనవరిలో అది మళ్లీ వచ్చింది. ఆ ఏడాదే జులైలో, అబార్షన్లు చేసే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ వంటి సంస్థలకు మెడికెయిడ్ చెల్లింపులు ఏడాదిపాటు ఆపే చట్టం చేశారు. ఆ చెల్లింపులు వచ్చేది క్యాన్సర్ పరీక్షలకూ గర్భనిరోధక సాధనాలకూ అన్న సంగతి మీ మరిది గారికి తప్పక చెప్పండి.

మన దగ్గర జబ్బు వేరు. డబ్బు ఆపడం కంటే, ఇచ్చిన డబ్బుకు లెక్క అడగడం మన పద్ధతి. కుటుంబ నియంత్రణకు, ఇంతమందికి చేయాలని, దశాబ్దాలపాటు పై నుంచి లక్ష్యాలు వచ్చేవి. 1996లో ఆ పద్ధతిని కేంద్రం ఎత్తివేసినా అలవాటు పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో, ఒక శిబిరంలో కొద్ది గంటల్లోనే 83 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ జిల్లా శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్నవారిలో 13 మంది చనిపోయారు. శిబిరాల పద్ధతినే మూడేళ్లలో మానేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో మా వార్డు రిజిస్టరులో అబార్షన్ వివరాల పక్కనే ‘తర్వాత అనుసరించిన పద్ధతి’ అనే గడి ఉండేది. నెలాఖరు సమీక్షలో పై అధికారి వేలు ఆ గడి మీదుగా కిందికి జారుతూ, ఖాళీ కనిపించిన చోటల్లా ఆగేది. ఆ వేలికి భయపడి, వద్దన్న మనిషి చేత కూడా ఔననిపించిన నర్సులను చూశాను, ఒకటి రెండుసార్లు నేనూ అడ్డు చెప్పకుండా ఊరుకున్నాను. అది తప్పు. గర్భనిరోధక పద్ధతి గురించి చెప్పి, అడిగితే ఇవ్వడం డాక్టరు పని. దానికి ఒప్పుకుంటేనే అబార్షన్ అనడం జాతీయ మార్గదర్శకాలకే విరుద్ధం.

రేషన్ కార్డు విషయానికి వస్తే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి సేవలకు నిధులిచ్చే జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో నూటికి అరవై కేంద్రం, నలభై రాష్ట్రం భరిస్తాయి, ఆంధ్రా అయినా కర్ణాటక అయినా లెక్క అదే. ప్రసూతి సేవలకు దూరమైన పేద మహిళల కేసులో, రాష్ట్రం మారినంత మాత్రాన పేదలకు ఆ సేవలు అందకుండా పోకూడదని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పింది. బెంగళూరు మేడలు కట్టేవాళ్లలో కదిరి, హిందూపురం, కళ్యాణదుర్గం వాళ్లు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కాపర్-టి విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. అది తనకు వద్దనుకున్న రోజున తీయించుకునే హక్కు ఆ అమ్మాయికి ఉంది, ఏడాది ఆగాలన్న నియమం ఎక్కడా లేదు. సగం నెల రక్తం పోతోందంటే రక్తహీనత ఏర్పడి ఉండవచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష, అవసరమైతే మరో స్కానింగ్ కూడా చేయించాలి. జ్వరం గానీ, పొత్తికడుపులో గట్టి నొప్పి గానీ ఉంటే ఆ రోజే వెళ్లాలి. కాపర్-టి తీయమని ఆమె పేరుతో ఒక అర్జీ రాయించి, ఆమె చేతే సంతకం పెట్టించి, సూపరింటెండెంట్ కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటతో కాదన్నవాళ్లు, ముద్ర పడిన కాగితం మీద కాదని రాసివ్వడానికి వెనకాడతారు. అప్పటికీ తీయకపోతే అదే నకలుతో జిల్లా ఆరోగ్యాధికారిని కలవండి. ఇంతకుముందు మీరు తోడు వెళ్లినట్టే ఈసారి కూడా వెళ్లండి, కానీ లోపలికి పిలిచినప్పుడు మాట్లాడవలసింది ఆమే.