కీ నొక్కితే టకటక, రెండు కీలు మాత్రం పిడుగులు

ప్రశ్న: మాస్టారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా చర్చిలో 88 కీల డిజిటల్ పియానో ఉంది, పదేళ్లయింది. మధ్య కీలు నొక్కితే బల్ల మీద కొట్టినట్టు టకటకమంటున్నాయి. రెండు కీలైతే ఎంత మెల్లగా తాకినా గట్టిగా అరుస్తున్నాయి. రిపేరుకిస్తే నెల్లాళ్లు ఉంచుకుని అలాగే తిరిగిచ్చారు. కొబ్బరినూనె రాయమంటున్నారు, రాయమంటారా?

జవాబు: వద్దండి బాబూ! కోనసీమలో కొబ్బరినూనె పనికిరాని చోటు ఉండదు గానీ, ఇది మాత్రం అలాంటి చోటే. నూనె కిందున్న రబ్బరు మీదకి, సర్క్యూట్ బోర్డు మీదకి కారి, దుమ్ము పట్టి బంకవుతుంది.

మీవి రెండు వేరు వేరు జబ్బులు. టకటక ఫెల్ట్‌ది. కీ కిందకి దిగినప్పుడూ పైకి లేచినప్పుడూ దెబ్బ కాచుకునే ఊలు పట్టీ అది, ఏళ్ల తరబడి దెబ్బలు తిని తిని అణిగిపోతుంది, ఇక ప్లాస్టిక్కే తగులుతుంది. కొత్తది వెయ్యండి, కానీ మందం పాతదే ఉండాలి, ఎవరూ ముట్టుకోని చివరి కీల దగ్గర కొలవండి. మెత్తగా ఉంటుందని మందంగా వేస్తే కీ పూర్తిగా దిగక అసలు మోగదు.

అరిచే కీల సంగతి వేరు. ప్రతి కీ కిందా రబ్బరు బుడిపెలో రెండు మూడు నల్లటి కార్బన్ బిళ్లలుంటాయి, అవి ఒకదాని తర్వాత ఒకటి బోర్డుకి అంటుకుంటాయి. ఒకటి అంటుకున్నాక రెండోది అంటుకోవడానికి పట్టిన సమయాన్ని బట్టే మీరెంత గట్టిగా కొట్టారో మెషీన్ లెక్కేస్తుంది. మొదటిది మురికి వల్ల ఆలస్యమైతే ఆ ఎడం తగ్గి, మీరు గుద్దేశారనుకుంటుంది. మన చెమ్మ గాలికి ఇది మామూలే, విప్పితే చీమల పుట్టా బల్లి గుడ్లూ దొరికినా ఆశ్చర్యపోకండి.

అడాప్టర్ తీసేసి, పరుపు మీద బోర్లించి విప్పండి. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు, పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే పైకి పొడుచుకొస్తుంది, అందుకే కాగితం మీద బొమ్మ గీసి దేని చోట దాన్ని గుచ్చుకోండి. రిబ్బన్ కేబుళ్లకి, అంటే పట్టీల్లా ఉండే వైర్లకి, ముందే ఫోటో తీసుకోండి. బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి, కార్బన్ బిళ్లల్ని మాత్రం పొడిగుడ్డతో ఊరికే అద్దండి, రుద్దితే కార్బన్ ఊడొస్తుంది. ఇసక కాగితం ఊసే ఎత్తొద్దు.

అప్పటికీ అరుస్తుంటే, ఆ బుడిపెలున్న రబ్బరు పట్టీని కుడి చివర కీల కిందున్న అదే పొడవు పట్టీతో మార్చి చూడండి. జబ్బు పట్టీతో పాటు అటు పోతే రబ్బరు మార్చాలి, ఉన్నచోటే ఉంటే బోర్డుది.

కీ పక్కకి ఊగుతుంటే ఇరుసు దగ్గర బీట చూడండి. అక్కడ సూపర్ గ్లూ నిలవదు, మోడల్ నంబర్ చెప్పి కొత్త కీ తెప్పించుకోవడమే. గ్రీజు కూడా పాతది ఉన్నచోటే, ప్లాస్టిక్‌కి పనికొచ్చే రకం, ఆవగింజంత చాలు.

ఇంకోటి, శనివారం సాయంత్రం మాత్రం విప్పకండి. తెల్లారితే ఆరాధనండి ఆయ్!