పాలిష్ చేశాక కారు అద్దంలో రోడ్డు అలల్లా కనిపిస్తోంది.. షాపు మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. వైపర్ రబ్బరు అరిగిపోయి మా కారు ముందు అద్దం మీద, డ్రైవర్ వైపు, విల్లులా వంగిన రెండు గీతలు పడ్డాయి. పోయిన నెల పనిమీద హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక కార్ డిటెయిలింగ్ షాపులో చూపిస్తే, పౌడర్‌తో పాలిష్ చేస్తే కొత్త అద్దంలా అయిపోతుందన్నారు. 3,500 రూపాయలు ఫోన్‌లో కట్టాను. బిల్లు ఇవ్వలేదు. గీతలు పోయాయి గానీ, ఆ చోట రోడ్డు అలలు అలలుగా కనిపిస్తోంది. రాత్రిపూట ఎదుటి బండి లైటు పడితే ఆ భాగమంతా తెల్లగా మసకేస్తోంది. అద్దం మార్చాలంటే 16,000 అవుతుందని సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పారు. షాపతను మాత్రం ‘అద్దం పనికి గ్యారంటీ లేదని బోర్డు పెట్టాం, కావాలంటే తీసుకురండి, ఇంకోసారి ఉచితంగా చేస్తాం’ అంటున్నాడు. తీసుకెళ్లమంటారా? కేసు నిలబడుతుందా? ప్రతిసారీ హైదరాబాద్ తిరగాలా? – ఒక పాఠకుడు

జవాబు: మొదటి ప్రశ్నకు ముందు చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యమైతే మిగతావి ఉపయోగపడవు. కారును మళ్లీ ఆ షాపుకు తీసుకెళ్లకండి. ఉచితంగా చేస్తానన్నది మంచి మాటే కావచ్చు. కానీ ఇంకోసారి మెషిన్ పెడితే అద్దం ఇంకాస్త అరుగుతుంది, మొదటిసారి పని ఎలా జరిగిందో చూపించే ఆనవాలు కూడా పోతుంది. మీ కేసుకు ప్రధాన సాక్షి ఆ అద్దమే.

అద్దం పాలిష్‌కు వాడేది సాధారణంగా సీరియం ఆక్సైడ్ అనే మెత్తని పొడి. దాన్ని నీళ్లలో కలిపి, ఫెల్ట్ ప్యాడ్ ఉన్న మెషిన్‌తో, తడి ఆరకుండా, ఒకేచోట వేడెక్కకుండా రుద్దాలి. సన్నని వెంట్రుక గీతలకు ఇది బాగానే పనిచేస్తుంది. గీత మీద గోరు పెట్టి అడ్డంగా లాగినప్పుడు గోరు తట్టుకుందంటే అది లోతైన గీత. పొడి ఆ గీతను పూడ్చదు. గీత అడుగు వరకు చుట్టూ ఉన్న అద్దాన్ని అరగదీయాల్సిందే. ఆ అరుగుదల సమంగా లేకపోతే అక్కడ చిన్న గుంట ఏర్పడి చూపు వంకర పోతుంది. మీకు రోడ్డు అలల్లా కనిపించడం దానివల్లే అయి ఉండాలి. త్వరగా అవ్వాలని ముందు గరుకు డిస్కుతో రుద్ది, తర్వాత పొడితో సరిగా నునుపు చేయకపోతే, కంటికి ఆనని సన్నని గాట్లు మిగిలిపోతాయి. రాత్రి లైటు పడినప్పుడు తెల్లగా చెదిరేది వాటి వల్లే. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇది తెలియని విషయం కాదు. న్యాయపరంగా మీ బలం అక్కడే ఉంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) సేవాలోపం అంటే ఏమిటో చెబుతుంది. పని నాణ్యతలోనో, చేసే తీరులోనో లోపం ఉంటే సేవాలోపమే. వినియోగదారుడికి చెప్పాల్సిన సమాచారాన్ని తెలిసీ దాచిపెట్టినా సేవాలోపమే. దీనికి తోడు, మీరు కారు తాళాలు ఇచ్చి పని అప్పగించారు కాబట్టి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 ప్రకారం, తన సొంత వస్తువైతే ఒక మామూలు మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త షాపతను తీసుకోవాలి.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నిజాయితీగా జవాబు గుర్తు తెచ్చుకోండి. పని మొదలుపెట్టే ముందు అతను ‘గీత లోతుగా ఉంది, తీస్తే చూపు తేడా రావచ్చు’ అని ఏ మాటైనా అన్నాడా? అన్నా మీరు ‘పర్లేదు, తీసేయండి’ అన్నారా? అయితే మీ కేసు బాగా బలహీనపడుతుంది. అలా చెప్పకుండా ‘కొత్త అద్దంలా అయిపోతుంది’ అని ఒప్పించి ఉంటే మీ కేసుకు మంచి బలం ఉంది. ఆ మాట వాట్సాప్‌లో రాసి ఉన్నా, వాయిస్ మెసేజ్‌గా ఉన్నా అస్సలు చెరిపేయకండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆగండి.

బోర్డు సంగతికొస్తే, దాన్ని చూసి టెన్షన్ పడనక్కర్లేదు. గోడ మీద బోర్డు పెట్టినంత మాత్రాన అజాగ్రత్తగా చేసిన పనికి బాధ్యత తప్పిపోదు. పని ఫలితానికి గ్యారంటీ ఇవ్వకపోవడం వేరు, ఎంతైనా అరగదీయడానికి అనుమతి తీసుకోవడం వేరు. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆ బోర్డును ‘అన్యాయమైన ఒప్పందం’ అంటూ దాని మీదే ఫిర్యాదు నడిపితే, ఆ తరహా ఫిర్యాదులను వినే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు, స్టేట్ కమిషన్‌కు వెళ్లాల్సి వస్తుంది. మీకు ఆ దారి అవసరం లేదు. సేవాలోపం అని వేయండి చాలు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టంలోని సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి. ఆ మాట కూడా ఫిర్యాదులో రాయండి. డబ్బు కట్టినట్టు రుజువుకు మీ యూపీఐ లావాదేవీ, బ్యాంకు స్టేట్‌మెంటు సరిపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది సాక్ష్యం మీద. లోపం జరిగిందని రుజువు చేసే భారం ఫిర్యాదు చేసినవారిదేనని సుప్రీంకోర్టు 2021లో ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. ఇలాంటి వ్యవహారంలోనే ఒకాయన నా దగ్గరకు వచ్చేసరికి కొత్త అద్దం వేయించేశారు, పాతది చెత్తలోకి పోయింది. ఆయన చేతిలో ఉన్నది కొత్త అద్దం బిల్లు ఒక్కటే. ఎంత బాధపడ్డా ఆయనకు నేను పెద్దగా చేయగలిగింది లేకపోయింది. మీ విషయంలో అలా జరగకూడదు.

కాబట్టి ఈ వారంలోనే కూర్చుని చేయండి. పగలు కారును ఒక కరెంటు స్తంభానికి ఎదురుగా ఆపి, డ్రైవర్ సీట్లోంచి ఫోన్‌ను మెల్లగా పక్కకు జరుపుతూ వీడియో తీయండి. పాలిష్ చేసిన చోటికి రాగానే స్తంభం మెలి తిరుగుతుంది. పక్కనున్న మంచి అద్దంలోంచి అదే స్తంభం నిటారుగా ఉంటుంది. ఒకే షాట్‌లో ఆ రెండూ కనిపిస్తే కమిషన్‌కు ఇంకే వివరణా అక్కర్లేదు. రాత్రి బండి ఆపి ఉంచి, ఎదుటి నుంచి లైటు పడేలా ఇంకొకటి తీయండి. అద్దం కింది రబ్బరు సందుల్లో ఎండిపోయిన పాలిష్ పొడి ఇంకా ఉంటే తుడవకుండా దగ్గర్నుంచి ఫొటో తీయండి. ఆ తర్వాత సర్వీస్ సెంటర్‌లో అద్దం పరిశీలించి, అరుగుదల వల్ల చూపు వంకర పోతోందని స్టాంపు వేసి, తేదీతో రాసిమ్మని అడగండి. రాసిచ్చినవారు అఫిడవిట్ కూడా ఇస్తే ఇంకా మంచిది. ఫోన్ వీడియోలతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం, జతచేయండి.

ఇవి పూర్తయ్యాకే అద్దం మార్చండి. ముందు అద్దాన్ని బాడీకి జిగురుతో అంటిస్తారు. కోసి తీసేటప్పుడు చాలాసార్లు పగులుతుంది, పగిలిన అద్దం చూపు వంకరను సరిగా చూపించదు. అందుకే వీడియోలు, రిపోర్టు ముందే చేతిలో ఉండాలి. పాత అద్దాన్ని కూడా గుడ్డ చుట్టి ఇంటికి తెచ్చుకోండి. అలాగని కేసు తేలేదాకా ఇదే అద్దంతో తిరుగుతానంటే నేను ఒప్పుకోను. లోపం ఉందని తెలిసీ ప్రమాదకరంగా ఉన్న బండి నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద నేరం. అంతకన్నా ముఖ్యం, రాత్రి రోడ్డు దాటే మనిషి మీకు కనిపించకపోవచ్చు. మార్చేదాకా చీకటి పడ్డాక ఆ కారు తీయకండి.

మీరు హైదరాబాద్ తిరగనక్కర్లేదు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి: మీరు నివసించే చోటే, అంటే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వీడియో కాన్ఫరెన్స్ ద్వారా విచారణ కోరే వీలూ ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఫిర్యాదు వేసే ముందు షాపుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి చేయకపోయినా, చాలామంది అక్కడే దిగొస్తారు. నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం కూడా మంచిదే. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కమిషన్ పంపే నోటీసు అందాక అవతలివారు 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. 45 రోజులు దాటితే జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్షలు అవసరం లేని ఫిర్యాదు మూడు నెలల్లో తేలాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి.

ఎంత అడగాలి? కట్టిన 3,500, కొత్త అద్దం ఖర్చు, మానసిక వేదనకు కొంత, ఖర్చుల కింద కొంత. అద్దం మీద ముందే గీతలున్నాయన్న సంగతి మాత్రం దాచకండి. షాపతను ఎలాగూ చెబుతాడు. మీరే ముందు రాస్తే మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది. పాత గీతలను బట్టి కమిషన్ అద్దం ఖర్చులో కొంత తగ్గించవచ్చు కూడా.

చివరగా, ‘రాయి తగిలిందని ఇన్సూరెన్స్‌లో పెట్టేయండి’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అబద్ధపు క్లెయిమ్ బయటపడితే అది పోవడమే కాదు, షాపు మీద మీరు వేసిన కేసు కూడా అదే దెబ్బతో పోతుంది. ఇన్సూరెన్స్ సర్వేయరు కూడా ఆ అద్దం మీద గోరు పెట్టి చూస్తాడు.